పన్నెండో పిల్ల

సంధ్య వచ్చి రెండు నెలలైంది, ఆ రెండు నెలల్లో మా స్విమ్మింగ్ పూల్‌లో ఒక్క పిల్లా మునగలేదు. ఊరంతా దాన్ని మెచ్చుకుంటుంటే నాకు మాత్రం కడుపు మండిపోయింది. పిల్లలు మునగకపోతే నీకెందుకమ్మా మంట అంటారా? చెప్తాను, వినండి.

నా పేరు గుర్వమ్మ. పాలమూరు నుంచి మక్తల్ పోయే దారిలో మాదొక చిన్న పట్నం. ఆరేళ్ల కింద అక్కడ పూల్ కట్టినప్పుడు ఆడపిల్లల బ్యాచ్‌కు కాపలాగా నన్ను పెట్టారు. నేను ఐదో తరగతి దాటలేదు, సర్టిఫికెట్ అసలే లేదు. కానీ ఈత నాకు నడకతో పాటే వచ్చింది. మాది గొర్లు కాసే ఇల్లు. ఉన్ని కత్తిరించే ముందు జీవాలను వాగులో కడిగేవాళ్లం. కొట్టుకుపోయే గొర్రెపిల్లను ఈది పట్టుకొచ్చేది నేనే. ఆ చేతులతోనే ఈ పూల్‌లో పదకొండు మంది పిల్లలను బయటకు తీశాను.

పదకొండు మందండీ! ఒకరి తల్లి చీర పెట్టింది. ఒకరి అవ్వ నా కాళ్ల మీద పడి ఏడ్చింది. బజారుకు వెళ్తే "మా బిడ్డ పానం కాపాడింది గీమెనే" అని పక్కవాళ్లకు చూపించేవాళ్లు. కూరగాయలామె కొత్తిమీర ఊరికే వేసేది. మొగుడు పోయి, పిల్లల్లేక, ఏ పెళ్లిలోనూ ముందు వరసలో కూర్చోబెట్టని మనిషిని నేను. నాకు దక్కిన మర్యాద అంతా ఆ నీళ్లలోంచి వచ్చిందే.

మార్చిలో ఈ సంధ్య దిగింది. నేతపని చేసే ఇంటి పిల్ల, ఇరవై మూడేళ్లు. హైదరాబాద్‌లో ట్రైనింగ్ అయిందట. ఎర్ర టీషర్టు, మెడలో విజిల్. అబ్బో, ఆ విజిల్! పది నిమిషాలకోసారి ఊదేది. ఊదగానే ప్రతి పిల్లా తన జోడీ చెయ్యి పట్టుకుని పైకెత్తాలి. లెక్క సరిపోతేనే మళ్లీ ఆట. తడి గచ్చు మీద పరుగెత్తిన పిల్ల ఆ పూట బయటే. మూడడుగుల లోతుకూ ఎనిమిదడుగుల లోతుకూ మధ్య రంగు డబ్బాలు గుచ్చిన తాడొకటి అడ్డంగా కట్టించింది.

అది చాలక తల్లులకు కూడా పాఠాలు. "ఎవరన్న మునుగుతుంటె ఈత రానోళ్లు దూకొద్దమ్మా. దూకితె ఇద్దరు పోతరు. ముందు కేకెయ్యిండ్రి. ఒడ్డు మీద పండుకొని కర్ర అందియ్యిండ్రి, లేకుంటె చున్నీ ఇసరుండ్రి."

"చున్నీతోని పానం కాపాడుతదట!" అని నేను వెనక నుంచి నవ్వాను. ఒక్కరూ నాతో కలిసి నవ్వలేదు. పైగా మరునాడు నలుగురు తల్లులు చున్నీలకు ముడులేసి విసరడం నేర్చుకుంటున్నారు.

ఇక నా సంగతి ఏం చెప్పను? రోజూ ఒడ్డున కూర్చోవడం, కట్టిన బట్ట తడవకుండా ఇంటికి పోవడం. తల్లులంతా దాని చుట్టే. కూరగాయలామె కూడా "గా విజిల్ పిల్ల మంచిగ సూస్కుంటదట గద" అని నన్నే అడిగింది. కొత్తిమీరకు పైసలు తీసుకుంది. ఏం చూసి మురిసిపోతున్నారు వీళ్లు? ఆ పిల్ల ఒక్కరినైనా తీసిందా? ఒక్కనాడైనా నీళ్లలో దూకిందా? సిగ్గు విడిచి చెప్తున్నాను, ఒక్క పిల్ల, ఒకే ఒక్క పిల్ల మునిగితే బాగుండు అనుకున్న రోజులున్నాయి. చావాలని కాదు దేవుడా! మునగాలి, నేను తీయాలి, అందరూ చూడాలి. అంతే నేను కోరుకున్నది.

మే నెల చివర్లో మేనేజర్ విజేందర్ సారు ఇద్దరినీ పిలిచాడు. "జూన్ నుంచి ఒక్కలకే జీతం ఉంటది. శనారం వచ్చి పని సూస్త. ఎవరు అక్కరకొస్తె వాళ్లనే ఉంచుత" అన్నాడు.

బయటకు వచ్చాక సంధ్య నా చెయ్యి పట్టుకుంది. "ఫికర్ చెయ్యకక్కా. నువ్వు పక్కనుంటెనే నాకు ధైర్యం. ఇద్దరిని ఉంచుమని సారును అడుగుదం" అంది.

నా మీద జాలి పడుతోంది, చూశారా! నా ఒళ్లు భగ్గుమంది. చెయ్యి విదిలించుకుని వచ్చేశాను.

శనివారం సాయంత్రం నాలుగింటికి సారు వచ్చాడు. పూల్ నిండా పిల్లలు, ఒడ్డు నిండా తల్లులు. "తల్లులకేందో నేర్పిస్తున్నవట, ఏదీ సూపియ్యి" అన్నాడు సంధ్యతో. అది కదల్లేదు. లోతు వైపు చూసి, నా వైపు చూసింది.

"నువ్వు పో, నేను సూస్కుంట" అన్నాను.

"అయితె లోతు దిక్కు నీదే అక్కా" అని చెప్పి అవతలి ఒడ్డుకు వెళ్లింది.

అది వెళ్లిన కాసేపటికే ఇద్దరు పెద్దపిల్లలు తాడు మీద వేలాడి ఊగారు. గోడకున్న కొక్కెంలోంచి తాడు ఊడి నీళ్లలో తేలింది. నేను చూశాను. లేచి నాలుగడుగులు వేస్తే మళ్లీ తగిలించవచ్చు. ఒక్క కేక వేసినా సరిపోయేది. నేను లేవలేదు. ఊడిందని అందరికీ తెలియాలి, అది తాడు ఎంత బాగా కట్టించిందో సారు చూడాలి అనుకున్నాను.

మూడో తరగతి చదివే మల్లిక బంతి కోసం వెనక్కి వెనక్కి జరిగింది. దాని జోడీ పిల్ల అప్పుడే బాత్రూంకు వెళ్లింది. తాడు లేని చోట మల్లిక కాళ్ల కింద నేల పోయింది. తల వెనక్కి వాలింది, నోరు నీటి మట్టానికి వచ్చింది, రెండు చేతులూ నీళ్లను కిందికి నొక్కుతున్నాయి. అరుపు లేదు, చప్పుడు లేదు. వాగులో మునిగే గొర్రెపిల్ల కూడా అరవదు. చూసేవాళ్లకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది. నాకు తెలియదా? ఆ ఒడ్డు మీద నాకంటే బాగా ఎవరికి తెలుసు?

సారు వీపు నా వైపు ఉంది. ఎవరో తల్లి విసిరిన చున్నీ చూసి నవ్వుతున్నాడు. ఇటు తిరుగు, ఇటు తిరుగు అని మనసులో మొత్తుకున్నాను. ఇప్పుడు దూకితే ఎవరు చూస్తారు? మల్లిక ఒకసారి మునిగి తేలింది. మళ్లీ మునిగింది. ఈసారి తేలలేదు.

అప్పుడు "పిల్ల మునిగింది!" అని గొంతు చించుకుని అరిచాను. అందరూ తిరిగారు. అందరూ తిరిగాక దూకాను.

అడుగున దొరికింది. జుట్టు పట్టి పైకి లాగి ఒడ్డున పడుకోబెట్టాను. సంధ్య పరుగెత్తుకొచ్చి పిల్ల తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లోకి ఊపిరి ఊదింది. ఊదింది, మళ్లీ ఊదింది. మల్లిక దగ్గి, నీళ్లు కక్కి, ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే నా గుండె మళ్లీ కొట్టుకుంది.

"ముందు దవాఖానకు తీస్కపోవాలె. ఇప్పుడు మంచిగనే ఉన్నా లోపల నీళ్లుంటె మల్ల కష్టమైతది" అంది సంధ్య. ఆటో కోసం ఒకామె పరుగెత్తింది. నేను పిల్లను తువ్వాలలో చుట్టి ఒడిలో పెట్టుకున్నాను. నేను తీసిన పిల్ల విషయంలో ఆర్డర్లు వేయడానికి ఇదెవరు అని, ఆ క్షణంలో కూడా నాకు మండింది!

సారు తాడు చూసి నిప్పులు కక్కాడు. "గిదేనా నీ ట్రైనింగు? నీ సర్టిఫికెట్ పట్కొని నడువు! గుర్వమ్మ లేకుంటె ఇయ్యాల నా నెత్తి మీదికొస్తుండె. జూన్ సంది గామెనే ఉంటది."

"తాడు నేను మల్లొక్కసారి సూసుకోవాల్సింది సార్" అంటూ సంధ్య కళ్లు తుడుచుకుంది. మల్లిక తల్లి నా రెండు కాళ్లూ పట్టుకుని కూర్చుండిపోయింది. నాకు కావలసిందంతా వచ్చేసింది.

"మస్తు భయమైందా బిడ్డా?" అని తల్లి ఏడుస్తూ అడిగింది.

"ముందుగాల కాలే మమ్మీ" అంది మల్లిక, నా మెడ చుట్టూ చేతులేసి. "గుర్వక్క నన్నే సూస్తుండె. పిలుద్దమంటె నోట్లెకు నీళ్లొచ్చినయ్. అక్క సూస్తుంది గద, వస్తదిలే అనుకున్న. మల్ల పైకొచ్చి సూసిన, అప్పుడు గూడ నన్నే సూస్తుండె."

"సూసిన్రా? కన్నార్పకుంట కాపల కాసింది!" అన్నాడు సారు తల్లులతో. తల్లులు చప్పట్లు కొట్టారు.

సంధ్య కొట్టలేదు. నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఎప్పటి సంది సూసినవక్కా?" అని మెల్లగా అడిగింది.

ఇప్పుడే చూశానని అంటే అయిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ మల్లిక ఊపిరి నా మెడకు తగులుతోంది, దాని గుండె నా గుండె మీద కొట్టుకుంటోంది. చెప్పలేకపోయాను.

"దాన్ని తిట్టకుండ్రి సార్" అన్నాను. "తాడు ఊడుడు నేను సూసిన. పిల్ల మునుగుడు గూడ సూసిన. మీరు ఇటు తిరిగేదాక ఆగిన."

చప్పట్లు ఆగిపోయాయి. తల్లికి ముందు అర్థం కాలేదు. "ఆగినవా? ఎందుకు ఆగినవ్?" అంది.

"మీరందరు సూడాలని."

ఆమె నా కాళ్ల మీద నుంచి చేతులు తీసేసింది. లేచి మల్లికను ఎత్తుకోబోయింది. ఆ పిల్ల నా మెడ వదల్లేదు. తల్లి ఒక్కొక్క వేలూ విడదీసి తీసుకుపోయింది.