ఖాళీ, సున్నా ఒకటేనా?

గౌలిపురలో పెళ్లి సంబంధాలు కుదిర్చే వైకుంఠం, ఆఫీసులోకి కంప్యూటర్ వచ్చిన దగ్గర్నుంచి భార్య మాట వినడం మానేసి మెషిన్ మాట వినడం మొదలుపెట్టాడు. ఆ మెషిన్‌కి బుద్ధులు నేర్పింది ఆయన కూతురు స్రవ్యే. హైటెక్ సిటీ కంపెనీలో ఆమె ఉద్యోగం కూడా ఇలాంటి నిబంధనలు రాయడమే. వరుడికి సంపాదన ఉండాలి, అంతకుముందు చేసుకున్న పెళ్లిళ్ల సంఖ్య సున్నాకి సమానం కావాలి, ఇంకా ఏవేవో. అన్నీ దాటినవాడే తెరమీదికొస్తాడు.

ఇదంతా తండ్రి మీద ప్రేమతోనే చేసిందనుకుంటే పొరపాటు. తనతో పనిచేసే ఛత్రినాక కుర్రాడు శ్రవణ్‌కుమార్ అంటే ఆమెకి ఇష్టం. తను చెబితే ఇంట్లో లొల్లి. అదే మెషిన్ చెబితే బాపు కళ్లకద్దుకుంటాడు. ఈసారి కూతురికే సంబంధం చూడబోతున్నాడాయన.

తీరా చూస్తే మెషిన్ శ్రవణ్‌ని గడప కూడా తొక్కనివ్వలేదు. కారణం అతని కాగితం నింపిన వాళ్లమ్మ. పెళ్లి కాగితం మీద సున్నా రాస్తారా ఎవరైనా? చదివింపులే నూటపదహార్లు రాస్తారు గానీ వంద రాయరు. ఆవిడ అంతకుముందు పెళ్లిళ్లెన్నో రాయాల్సిన గడి ఖాళీగా వదిలేసింది. మర్యాద తెలిసిన ఇళ్లన్నీ అలాగే వదిలేశాయి. స్రవ్య నిబంధనలో మూడు సమానపు గుర్తులున్నాయి. మూడుంటే మెషిన్‌కి అచ్చంగా సున్నాయే కావాలి, ఖాళీ పనికిరాదు. పోనీలే అని ఒక గుర్తు తీసేసింది. రెండే ఉంటే దానికి పట్టింపు తక్కువ. ఖాళీ అయినా సున్నా అయినా ఒకటే అనుకుని రానిచ్చేస్తుంది.

శ్రవణ్ వచ్చాడు. కానీ అతని పైన, మొట్టమొదట, గుడిమల్కాపూర్‌లో పూల హోల్‌సేల్ వ్యాపారం చేసే బాలరాజ్ వచ్చి కూర్చున్నాడు.

వైకుంఠం పొంగిపోయి, స్పీకర్ పెట్టి మరీ ఫోన్ కొట్టాడు. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"బాలరాజ్‌ గారితోని మాట్లాడాలె. మీరు ఆయనకేమైతరమ్మా?"

"పెండ్లాన్ని. మీరు గూడ సంబంధాలోళ్లేనా? రానియ్యిండ్రి ఇంటికి, చెప్త ఆయన సంగతి."

"రాంగ్ నంబర్" అని వైకుంఠం ఫోన్ పెట్టేశాడు. ఎవరు ఎవరికి చేసిన ఫోనో ఆ కంగారులో ఆయనకే తెలియలేదు.

"ఏందిది స్రవ్యా? పెండ్లయినోన్ని తెచ్చి నీకే అంటగడుతుందేంది నీ మెషిన్?"

"ఆయన ఆ గడి ఖాళీగ ఇడిచిపెట్టిండు బాపు. ఖాళీ అంటే సున్నా కాదు, ఏమున్నదో చెప్పలేదని. నేనే రెండు గుర్తులు పెట్టి రెండూ ఒకటే అన్న."

"అయితే మూడు పెట్టు. ఇప్పుడే పెట్టు."

స్రవ్య వేలు మీట మీద ఆగిపోయింది. మూడోది పడితే శ్రవణ్ పోతాడు. "మూడు పెడితే మంచోళ్లు గూడ పోతరు బాపు."

"ఎవరు పోతరు? ఒక్క పేరు చెప్పు."

ఆమె మీట మీంచి వేలు తీసేసింది. వైకుంఠం కళ్లజోడు తీశాడు.

"నీ మనసుల ఎవరన్న ఉన్నరా బిడ్డా?"

స్రవ్య తల వంచుకుంది.

పెళ్లిచూపుల్లో పిల్ల తల వంచుకోగానే "ఒప్పుకుంది, ముహూర్తం చూసుకోండి" అనేయడమే వైకుంఠం ఇన్నాళ్లూ చేసిన పని. అలా ఎన్ని పెళ్లిళ్లు చేశాడో. ఈసారి ఎందుకో ఆ మాట ఆయన నోట రాలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"ఖాళీ అంటే సున్నా కాదని ఇప్పుడే అన్నవ్ గద. ఎవరో చెప్పు."

"శ్రవణ్‌కుమార్."

ఆయన తెర మీద రెండో పేరు చదివాడు. కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. "మెషిన్‌తోని చెప్పిద్దామనుకున్నవా, దొంగా! సరే, గీ ఇష్టం రెండు గుర్తులదా, మూడు గుర్తులదా?"

స్రవ్యకి కళ్లనీళ్లు తిరిగాయి.

"మూడు, బాపు."