ఆరు రోజుల జ్వరం

ఊడ్పుల కూలీలకు వండిన అన్నం వార్చబోయి గిన్నె ఎత్తేసరికి శివపార్వతికి ఎడమ డొక్కలో కలుక్కుమంది. హైదరాబాదులో కేన్సరుకి ఊపిరితిత్తి కింది భాగం తీసేసి, సింధనూరు దగ్గర ఆంధ్రా రైతుల క్యాంపులో ఉన్న ఇంటికి పంపి అప్పటికి పద్దెనిమిది రోజులు. బరువులెత్తొద్దనీ, జ్వరమొస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లమనీ మరీమరీ చెప్పారు. జ్వరం వచ్చింది. భర్త బాపయ్యకు చెప్పింది కూడా. "కాలవకి నీళ్లొచ్చి వారమైంది, నారు ముదిరిపోతోంది. ఊడ్పులు అవనీ, రాయచూరు తీసుకెళ్తాలే," అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆపరేషను రోజు పచ్చి మంచినీళ్లు ముట్టకుండా కూర్చున్నవాడే. అందుకే మళ్లీ అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

అత్త లక్ష్మీతిరుపతమ్మ వసారాలోంచి, "బీడీలు కాల్చేవోళ్లంతా బానే ఉన్నారు, పొయ్యి ముందున్నదానికొచ్చింది రోగం. ఈ వయసులో ఇంతమందికి నేను వండాలా?" అంది. నిజమే కదా, పడుకుని తినడానికి సిగ్గుండక్కర్లేదా అనుకుని శివపార్వతి మళ్లీ గిన్నె ఎత్తింది.

కూతురు చిట్టి మాత్రం ఒళ్లు పట్టి చూసి, "అమ్మా, కాలిపోతున్నావు. బస్సులో నేను తీసుకెళ్తా పద," అంది.

"ఊరుకో. మీ నాన్న అసలే చికాగ్గా ఉన్నారు. ఎవరితోనూ అననని ఒట్టెయ్యి."

జ్వరమొచ్చిన ఏడోనాడు ఊపిరాడక పడిపోయింది. రాయచూరు ఆసుపత్రిలో చేర్చుకుని, పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేసి చీము తీశారు. ఆమె కళ్లు తెరిచేసరికి వరండాలో బాపయ్య గొంతు: "ఇంట్లో ఉండి నువ్వేం చూశావే? తల్లికి జ్వరమొస్తే తెలీదా?" చిట్టి మారుమాట్లాడలేదు. పిల్ల ఒట్టు తప్పలేదు. గొట్టం నొప్పికన్నా ఆ మౌనమే శివపార్వతిని ఎక్కువ కోసింది. నోరు మూసుకోవడమే మంచితనమని ఇన్నేళ్లూ అనుకుంది; పిల్లకీ అదే నేర్పేసింది.

డాక్టరు వచ్చి అడిగాడు. "ఎన్ని దినాలాయె జరమొచ్చి?"

"నిన్నేనండి," అన్నాడు బాపయ్య.

"ఆరు రోజులండి," అంది శివపార్వతి, మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ. "మా అమ్మాయి వెళ్దామంది. నేనే వద్దన్నాను. ఈయనకి మొదటిరోజే చెప్పాను."

బాపయ్య మొహం మాడిపోయింది. డాక్టరు వెళ్లాక, "పరాయివాళ్ల ముందు అలా అనేశావేంటి పార్వతీ?" అన్నాడు, కోపంగా కాదు, దెబ్బతిన్నవాడిలా. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. తప్పైపోయిందండీ అనబోయింది. గుమ్మంలో నిలబడ్డ చిట్టిని చూసి ఆగింది.

"ఇక్కణ్ణించి పంపించాక నేను క్యాంపుకి రానండి," అంది. "ఈ పక్కనే యరమరస్‌లో మా అక్క దగ్గరుంటాను, పూర్తిగా నయమయ్యేదాకా."

"మరి ఇంట్లో వంట?"

తన చేతుల్తో తనే ఇల్లు కూల్చుకుంటున్నట్టు అనిపించింది శివపార్వతికి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.