దీపం నీళ్ళు

వెంకన్న గాజు సీసాను రెండు చేతులతో ఎత్తి, పొద్దుటెండకు ఎదురుగా పట్టి అడుగు చూశాడు. నలక లేదు. ఒకప్పుడు కిరాణా కొట్లో బిస్కట్లు పెట్టుకున్న సీసా అది. నిరుడు పట్టిన వాననీళ్ళు అందులో జానెడైనా మిగల్లేదు. బచేలి ఊరు మొత్తం మీద అంత తేటనీళ్ళు మరెక్కడా ఉండవని అతని నమ్మకం. అయితే ఆ ఇంట్లో వాటిని మనుషులు తాగరు. బ్యాటరీలు తాగుతాయి.

మద్దేడు పక్క పల్లె నుంచి, పెళ్ళయిన కొత్తలో, కొండ మీద ఇనుపరాయి తవ్వే పని ఇస్తారని విని వచ్చాడు. కొండ మీద పని దొరకలేదు. కొండ కింద ఒక కాంట్రాక్టరు లారీల షెడ్డులో బ్యాటరీలు కడిగే పని దొరికింది. దొరికిందే చాలనుకునే మనిషి కనక జీవితమంతా అందులోనే అరగదీశాడు. అతని లుంగీల్లో యాసిడ్ చిల్లులు పడనిది ఒక్కటీ లేదు. వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, కొత్త మనిషి చెయ్యి పట్టుకుంటే గరుకుగా తగిలేవి. షెడ్డులో పారేసిన బ్యాటరీలను అడిగి తెచ్చుకుని, ఊడదీసి, చావనివి ఏరి, వాటితో చిన్న బల్బులు వెలిగించేవాడు. గని క్వార్టర్లలో రాత్రంతా దీపాలు ధగధగలాడుతుంటే, వెనకున్న గుడిసెలకు ఆ కరెంటు తీగ రాలేదు. వాటిలో వెలిగేవి వెంకన్న బల్బులే.

మొదటి ఏడాది బ్యాటరీల్లో వాగునీళ్ళు పోశాడు. కొండ మీంచి ఎర్రగా దిగే వాగది. నీళ్ళలో ఇనుము ఉంటే బ్యాటరీకి విషమని అప్పటికి తెలియదు. నెల తిరక్కుండా అన్నీ చచ్చి ఊరుకున్నాయి. గీదం బజారులో బ్యాటరీల కోసమని సీసాలో అమ్మే నీళ్ళు కొంటే అవీ కల్తీవే, మళ్ళీ చేతులు కాల్చుకున్నాడు. అతను తల పట్టుకుని కూర్చుంటే దారి చూపింది భార్య సోమక్క. కిందినీళ్ళు ఎర్రగుంటే పైనీళ్ళు పట్టుకుందామంది. పెళ్ళినాటి తెల్లపంచె తీసి వాకిట్లో నాలుగు కర్రలకు కట్టింది. నడిమధ్యన కడిగిన పలుగురాయి ఒకటి వేసింది. రాయి బరువుకు పంచె గుంటలా దిగి, వాననీళ్ళన్నీ అక్కణ్ణుంచి సీసాలోకి కారాయి.

తొలివాన మాత్రం పట్టనిచ్చేది కాదు. గాలిలో ఉన్న కొండదుమ్మంతా దానితో దిగి పంచెను ఎర్రగా చేస్తుంది. ఆ వానను పోనిచ్చి, పంచె విప్పి, చిల్లగింజ అరగదీసి కలిపి, మురికి అడుక్కి దింపి తేర్చిన నీళ్ళలో ఉతికి మళ్ళీ కట్టేది. అప్పుడే సీసా పెట్టనిచ్చేది. ఆ ఇంట్లో బ్యాటరీలు వెంకన్న పని, వాన సోమక్క పని. పిల్లలు కలగని ఇల్లది. వానాకాలం వస్తే ఇద్దరూ ఆ సీసా చుట్టూ పసిబిడ్డ చుట్టూ తిరిగినట్టు తిరిగేవారు.

ఈ ఎండాకాలం నుంచి సోమక్క మంచం దిగడం లేదు. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు ఆసుపత్రిలో. మందులిచ్చి ఇంటికి పంపారు.

ఆ పొద్దున్నే కొండవాలు పల్లె నుంచి హిడ్మా తన బ్యాటరీని కావడికి కట్టుకుని వచ్చాడు. సర్కారు వాళ్ళు అతని ఇంటి కప్పు మీద సోలార్ ప్లేటు ఒకటి పెట్టిపోయారు. తిరిగి వచ్చి చూసిన పాపాన పోలేదు. నిరుడు వానల్లో బ్యాటరీ చచ్చి దీపం ఆరిపోయిన ఇంట్లో, చీకట్లో, హిడ్మా చిన్నకొడుకు పాము మీద కాలేశాడు. ఆ పిల్లవాడి దినాలకు వెళ్ళినప్పుడు వెంకన్న మాట ఇచ్చాడు, వచ్చే వానలకు మీ ఇల్లు చీకటిగా ఉండదని.

మూతలు తిప్పి చూశాడు. నీళ్ళు ఇంకిపోయి లోపలి రేకులు బయటపడి ఉన్నాయి. ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటే అవి పనికిరాకుండా పోతాయి. సీసాలో ఉన్న నీళ్ళు ఈ ఒక్క బ్యాటరీకి సరిపోతాయి, అంతే.

సాయంత్రం షెడ్డు దగ్గరికి వచ్చి తీసుకుపొమ్మని చెప్పి హిడ్మాను సంతకు పంపాడు. బ్యాటరీ సైకిలుకు కట్టి, సీసా తీసుకోవడానికి లోపలికి వస్తే సోమక్క కళ్ళు తెరిచి ఉంది. కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాడు. చిల్లగింజ అరగదీసి తేర్చినవే. ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టింది.

“గివన్ని ఇనుము వాసనొస్తున్నయ్,” అంది. “గా సీసల నీళ్ళు ఒక్క గుక్క పొయ్యరాదయ్యా.”

ఇన్నేళ్ళలో ఆమె ఎన్నడూ అడగలేదు. వెంకన్న సీసా మూత మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాడు.

“ఇయ్యి హిడ్మా దీపానికే,” అన్నాడు. “మబ్బులైతున్నయ్. రెండ్రోజుల్ల వాన పడ్తది. గప్పుడు నీకే పట్టి పోస్త, కడుపునిండ తాగుదువు.”

“గంతేలే. పిల్లగాడు పోయిన ఇల్లు,” అంది సోమక్క. కోపం లేదు. కోపం ఉంటే అతనికి ఎంతో తేలికయ్యేది.

షెడ్డులో ఆ రోజంతా అతని చేతులు పనిలో ఉన్నాయి గాని మనసు లేదు. సోడా నీళ్ళతో తుప్పు తుడిచాడు, రేకులు మునిగేదాకా చుక్కచుక్కగా నీళ్ళు పోశాడు, చార్జింగుకు పెట్టాడు. అన్ని అరల్లో పోశాక సీసా వంచి చూస్తే అడుగున ఒక గుక్కెడు మిగిలింది. అతని ముఖం చాలా రోజుల తర్వాత విచ్చుకుంది. ఆ సీసాను ఎవరూ ముట్టుకోకుండా తన అన్నం డబ్బా పక్కన పెట్టుకున్నాడు. సాయంత్రం హిడ్మా తీగ తగిలించి చూస్తే బల్బు నిండుగా వెలిగింది. హిడ్మా దానికేసి చూసి ముఖం తిప్పుకున్నాడు. వెంకన్నకు నిలబడే తీరిక లేదు. సైకిలు ఎక్కితే ఎక్కడ ఒలికిపోతాయోనని, సీసాను పొట్టకు ఆనించుకుని నడిచే ఇంటికి వచ్చాడు.

వాకిట్లో నాలుగు కర్రలకు పంచె కట్టి ఉంది. మధ్యలో పలుగురాయి.

పక్క గుడిసె బుధ్రి ఎదురొచ్చింది. మధ్యాహ్నం సోమక్క గోడ పట్టుకుని లేచి వచ్చి పంచె కట్టిందట. సాయం వస్తానంటే, ముడులు నీకు తెల్వవులే అందట. కట్టాక కాసేపు ఆకాశం చూసి లోపలికి పోయి పడుకుందట. “మళ్ళ లేవలేదన్నా,” అంది బుధ్రి.

వెంకన్న మంచం పక్కన కూర్చున్నాడు. సీసా వంచి ఆ గుక్కెడు నీళ్ళూ ఆమె నోట్లో పోశాడు. పెదవుల మధ్య కాసేపు నిలిచి, చెంప మీదుగా కారి, దిండును తడిపాయి. పొద్దున్నే పోసి ఉంటే ఏమయ్యేదని ఏడ్చాడు. బుధ్రి ఎంత చెప్పినా ఆ ఏడుపు ఆగలేదు.

మర్నాడు మట్టి చేశారు. హిడ్మా పల్లె వాళ్ళు కూడా వచ్చి పారలు పట్టారు. అందరూ వెళ్ళిపోయాక వాన మొదలైంది. తొలివాన పట్టకూడదు, పంచె విప్పి ఉతికి మళ్ళీ కట్టాలి. వెంకన్నకు తెలుసు. కానీ ఆ ముడులు ఆమె వేసినవి. వాటి మీద చెయ్యి వేయలేక గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. పంచె నాలుగు చెరగుల నుంచీ మెల్లగా ఎర్రబడింది. మధ్యలో పలుగురాయి మాత్రం, ఆమె కడిగి పెట్టినది, తెల్లగానే ఉంది.