రాఘవేంద్ర సారు రాక్ సిద్ధాంతం

అనంతపురంలో రాఘవేంద్ర సారుకు ఉన్న పెద్ద బాధల్లా ఒకటే. ఇంత పెద్ద ఊళ్లో పాత రాక్ సంగీతం వినే మనిషి తనొక్కడే కావడం. డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు పాఠం ఏది మొదలుపెట్టినా కాసేపటికి గిటారు దగ్గర తేలేవాడు. పిల్లలు ఆయన వెనక ఉత్తి చేతులతో గిటారు వాయించినట్టు చేసి నవ్వుకునేవాళ్లు. ఇంట్లో టేపు పెట్టగానే భార్య ప్రశాంతి మిక్సీ వేసేది. పచ్చడి అవసరం ఉన్నా లేకపోయినా వేసేది.

ఇట్లాంటి మనిషికి 2003 ఎండాకాలంలో బెంగళూరు రాక్ శ్రోతల సంఘం నుంచి పిలుపొచ్చింది. పాత రాక్ మనసులో ఎందుకు నిలిచిపోతుందో తమ సభలో చెప్పమన్నారు. ఇన్నేళ్లకు తన మాట వినేవాళ్లు దొరికారని సారుకు కాళ్లు నేల మీద నిలవలేదు. జవాబు ఆయన దగ్గర ఎప్పుడో సిద్ధంగా ఉంది. ఆ గిటారు సూటిగా ప్రాణానికి తగులుతుంది, భాష రానివాడికి కూడా తగులుతుంది. ఇక కావలసింది రుజువు.

అదీ దొరికింది. పరీక్షల డ్యూటీకి కదిరి పోతూ, ముదిగుబ్బ దాటాక ఒక పల్లె పక్కన ఇంజను చల్లారడానికి తన పాత వ్యాను ఆపాడు. టేపు గట్టిగా మోగుతూనే ఉంది. ఇళ్లలోంచి ఆడవాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చారు. వాళ్ల చేతుల్లో బిందెలున్నాయి. పాట చెవిన పడగానే చేస్తున్న పని వదిలేసి వచ్చారని సారు గ్రహించాడు. వాళ్లు వ్యాను వెనక్కి వెళ్లి తొంగి చూశారు. పాడేవాళ్ల కోసం వెతుకుతున్నారని మురిసిపోయాడు. తర్వాత ఒక్క మాటా లేకుండా వెళ్లిపోయారు. గుండె నిండితే మాటలు రావు కదా. చదువుకున్నవాడు కాబట్టి ప్రతిదానికీ ఆయనకు అర్థం తెలుసు.

సంగతి వినగానే సంఘం కార్యదర్శి గంగాధరప్ప వీడియో కెమెరాతో బెంగళూరు నుంచి దిగాడు. ఫ్యాక్టరీలో రిటైరయ్యాక జుట్టు పెంచి పిలక కట్టిన పెద్దమనిషి. ఇద్దరూ వ్యాను నెత్తిన పెద్ద స్పీకర్లు కట్టుకుని అదే పల్లెకు పోయి పాట పెట్టారు.

మళ్లీ అదే పరుగు. ఇంతమంది మా సభకు కూడా రారని గంగాధరప్ప నోరు తెరిచాడు. ఆడవాళ్లు వ్యాను వెనక బిందెలు వరసగా పెట్టి, ఎవరిది ముందో తేల్చుకోలేక జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. వాద్యం ముందు పాత్ర పెట్టి మొక్కడం ఈ సీమ ఆచారమై ఉంటుందని సారు కెమెరాకు ఇంగ్లీషులో వివరించాడు.

వరసలో మొదట ఉన్న ముసలామె పేరు బయమ్మ. ఆమె వ్యాను తలుపు తీసి లోపల చూసి, సారు వైపు తిరిగింది.

"నీళ్లు యాడప్పా?"

ఏ నీళ్లని అడిగాడాయన. అప్పుడు బయటపడింది సంగతి. రెండేళ్లుగా ఆ పల్లెకు నీళ్లు తోలేది దాదాపీర్ ట్యాంకరు. సినిమా పాట పెట్టుకొస్తే ఎక్కడో పెండ్లి అనుకుని జనం కదిలేవాళ్లు కాదు. అందుకని అతను బెంగళూరు ఫుట్‌పాత్ మీద ఒక ఇంగ్లీషు టేపు కొన్నాడు, ఈ చుట్టుపక్కల ఇంకెవరూ పెట్టుకోరని. ఇప్పుడు గిటారు అరుపు వినపడితే చాలు, జ్వరంతో పడుకున్నవాళ్లు కూడా బిందె పట్టుకుని లేస్తారు. పాట ఆగిందంటే దాదాపీర్ నీళ్లు వదులుతున్నట్టు లెక్క. ఈ మధ్య ట్యాంకరు సరిగ్గా రావడం లేదు.

తాను నీళ్లు తేలేదని, పాట కోసమే వచ్చానని సారు నసిగాడు. బయమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"పాట కోసరమా? ఇది మోగితే నీకేమొస్తాది?"

కెమెరా తిరుగుతూనే ఉంది. సారు సిద్ధాంతం చెప్పడానికి నోరు తెరిచాడు. గిటారూ ప్రాణమూ ఏవీ నోటికి రాలేదు. కొత్తచెరువు దగ్గర మెట్టసేద్యం చేసే నాయన కరువుకు ఎద్దుల్ని అమ్మిన ఏడాది గుర్తొచ్చింది. ఇన్నేళ్లు దాచిపెట్టిన పల్లె భాష నోట్లోకి దానంతటదే వచ్చేసింది.

"సదువుకునేటప్పుడు మా హాస్టల్లో ఆదివారం ఈ పాటలు పెడతాండ్రి. ఆ పొద్దు మాంసం కూర. అడిగినంత ఏస్తాండ్రి. ఇంటికాడ ఒగ పూటే సంగటి."

బయమ్మ తలాడించింది.

"నీకు పాట మోగితే కూర వచ్చె. మాకు మోగించి వట్టి బండితో వస్తివి. అదీ రెండోతూరి."

గంగాధరప్ప కెమెరా దించి, ఈ కూర సంగతి సభలో బాగుండదు, కత్తిరించేద్దామన్నాడు. రాఘవేంద్రకు తల కొట్టేసినట్టయింది. కింది వీధి నుంచి ఒకామె రెండు బిందెలతో ఆయాసపడుతూ వస్తోంది. ఆయన గబగబా పోయి టేపు ఆపేశాడు. పాట ఆగింది కాబట్టి నీళ్లు వదిలేశారనుకుని ఆమె ఇంకా వేగంగా పరుగెత్తింది.