ఈదమ్మ వాంగ్మూలం

"డీఎస్పీ సారు ఫోన్ చేసిండు. రిపోర్టు వాళ్లే టైపు చేసి పంపిండ్రంట గద! సంతకం పెట్టనీకి గింత ఆలోచనేంది నీకు?"

శేఖర్ ఈ మాట అనేసరికి ఉమ ఐదో జొన్నరొట్టె కొడుతోంది. చెయ్యి పిండిమీదే ఆగిపోయింది.

"నా కేసు గురించి మీకెందుకు చేసిండు?"

"నువ్వు ఎత్తలేదంట. నాకు చేస్తే తప్పేముంది? నేనేమన్న బయటోన్నా?"

ఎత్తలేదు, నిజమే. ఐదింటికి లేచిన దగ్గర్నుంచి రెండు చేతులూ ఖాళీ లేవు. వాకిలి, పాలు, అత్తమ్మకు బీపీ గోలీ, శేఖర్ డబ్బా, తన డబ్బా. ఉమ నాగర్‌కర్నూల్ జిల్లా కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటరు. హంతకులకు శిక్షలు పడేదాకా వాదించిన మనిషి. అయినా ఆమెతో పని పడితే చాలామంది జూనియర్ కాలేజీ లెక్చరరైన ఆమె భర్తకే ఫోన్ చేస్తారు. "మేడమ్‌కు మీరు జర చెప్పండి సార్" అంటారు. శేఖర్‌కు అది గౌరవంగానే తోస్తుంది. "ఆడామెకు గియ్యన్ని పెద్ద కేసులేంది, ఆఫీసుల మొగోల్లు లేరా?" అని అత్తమ్మ పద్మావతి సోఫాలోంచే అడుగుతుంది. జవాబు కోసం ఆగదు. ఆ వెంటనే చాయ్‌లో చక్కెర తక్కువైందంటుంది.

మూడు నెలల కింద, బల్మూర్ దాటి నల్లమల మొదలయ్యేచోట రోడ్డు పక్కన మందుపాతర పేలింది. జీపు దిగి, తవ్వినట్టున్న మట్టిని చూడబోయిన కానిస్టేబుల్ ఇస్రాయేలుకు ఎడమకాలు మోకాలి కిందనుంచి పోయింది. పోలీసులు ఇద్దర్ని పట్టుకున్నారు. ఒకడు గోవిందు, ఎక్కడినుంచో వచ్చి రోడ్డు పనుల్లో బండలు పేల్చినవాడు. అతని గదిలో తీగలూ డిటోనేటర్లూ దొరికాయి. రెండో మనిషి ఈదమ్మ, అడవి లోపల చెంచు పెంటలో, అంటే చెంచుల చిన్న గూడెంలో, తేనె తీసి అమ్ముకునే ఆమె. గోవిందు సంచి ఒకటి ఆమె గుడిసెలో దొరికింది. ఉగ్రవాదం కేసులకు వాడే ఊపా చట్టం కింద కేసు పెట్టారు. తొంభై రోజుల్లో చార్జిషీటు పడకపోతే బెయిలు ఇవ్వాలి. ఇంకో తొంభై రోజులు లోపల ఉంచాలంటే పబ్లిక్ ప్రాసిక్యూటరు ఫైలు చదివి, ఒక్కొక్కరిని ఎందుకు ఉంచాలో తన బుద్ధితో తేల్చుకుని, కోర్టుకు రిపోర్టు ఇవ్వాలి. గడువుకు ఇంక మూడు రోజులే ఉన్నాయి.

మధ్యాహ్నం కోర్టు లేచాక డబ్బా పక్కకు నెట్టి ఉమ ఆ టైపు చేసిన కాగితం తీసింది. "నేను రికార్డును క్షుణ్ణంగా పరిశీలించి, స్వతంత్రంగా అభిప్రాయపడుతున్నది ఏమనగా..." ఆ స్వతంత్రమైన అభిప్రాయం కింద ఆమె పేరు, పేరు మీద సంతకానికి ఖాళీ జాగా. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఫైల్లో ఈదమ్మ వాంగ్మూలం ఉంది. "పోరాట వ్యూహంలో భాగంగా, పూర్తి అవగాహనతో, ఇష్టపూర్వకంగా సహకరించితిని." కింద వేలిముద్ర. రిమాండుకు తెచ్చిన రోజు జడ్జిగారు ఏమైనా చెప్పుకుంటావా అని అడిగితే ఇదే ఈదమ్మ ఏమంది? "తేనె కొంటనన్నడు దొరా. సంచి ఈడ పెట్టి పోత, మల్లొస్త అన్నడు. సంచి సంగతి నాకు గంతే ఎర్క." ఆ నోట వ్యూహం అనే మాట ఎట్లా పలికింది?

ఇష్టపూర్వకంగా. ఆ మాట దగ్గరే ఉమ చాలాసేపు ఆగిపోయింది. నాలుగేళ్ల కింద గద్వాలకు ప్రమోషన్ మీద పొమ్మన్నప్పుడు తన పేరు మీదా ఒక కాగితం పోయింది. "కుటుంబ బాధ్యతల దృష్ట్యా ఈ పదోన్నతిని ఇష్టపూర్వకంగా వదులుకొనుచున్నాను." రాసింది శేఖర్. ఆమె పప్పుకు పోపు వేస్తుంటే పొయ్యి దగ్గరికే తెచ్చాడు. "అమ్మను ఎవరు చూస్తరు? నువ్వే ఆలోచించు" అన్నాడు, ఆలోచించడానికి పెన్ను చేతిలో పెట్టి. కాగితం అంచుకు పసుపంటిన వేలు తగిలితే మళ్లీ సాఫ్ కాపీ తీయాల్సొచ్చిందని విసుక్కున్నాడు కూడా. ఎవరూ కొట్టలేదు, ఎవరూ అరవలేదు. ఆ కాగితంలో ఆమె ఇష్టం తప్ప అన్నీ ఉన్నాయి. ఈదమ్మ గోస వేరు, తన గోస వేరు, ఉమకు తెలుసు. ఆమె జైల్లో ఉంది, తాను ఫ్యాను కింద కూర్చుంది. కానీ ఒకరి నోట్లో ఇంకొకరు కుక్కిన మాటలు కాగితం మీద ఎంత నున్నగా ఉంటాయో కూడా ఆమెకు తెలుసు.

అయినా భయం వదల్లేదు. ఒకవేళ తాను పొరబడితే? ఆ కానిస్టేబుల్ ముఖం ఎట్లా చూడాలి? మర్నాడు కోర్టుకు సెలవు. ఉమ ఆర్టీసీ బస్సెక్కి కల్వకుర్తిలో ఇస్రాయేలు ఇంటికి పోయింది.

ఇస్రాయేలు మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆయన భార్య అనిత కట్టు మారుస్తూనే మాట్లాడింది. ముప్పై ఏళ్లుంటాయేమో. మనిషిని లేపడం, కడగడం, దవాఖానకు తిప్పడం, అన్నీ ఆమే. తన నడుం నొప్పి సంగతి మాటల మధ్యలో ఒక్కసారి అని, తానే సిగ్గుపడి మానేసింది.

ఉమ ఉన్న సంగతి చెప్పింది. "గోవిందు మీద సాక్ష్యం ఉన్నది. ఆమె మీద నాకైతే కనవడ్తలేదు. ఆమె బయటికొస్తే మీకు కష్టమైతదని తెల్సు, అందుకే ముందుగాల చెప్పనీకి వచ్చిన."

అనిత కట్టు ముడి వేసి చేతులు తుడుచుకుంది.

"ఎవరో ఒకరు లోపలుంటే మా బాధ తీరుతదని అనుకుంటుండ్రు మేడమ్ అందరు. నాకు చేసినోడు కావాలె. తప్పు మనిషిని పట్టుకుంటే చేసినోడు నవ్వుకుంటడు. రేపు ఇంకో ఇంట్ల ఇంకొకామె గిట్లనే కట్లు కడ్తది."

ఇస్రాయేలు కిటికీ దిక్కు చూస్తూ అన్నాడు. "డ్యూటీ మీద తిరిగేటప్పుడు ఆ పెంటలనే నీళ్లు తాగేటోల్లం. ఆమె ఇచ్చేది."

సోమవారం పొద్దున డీఎస్పీ వెంకట్రాములు ఆమె గదికే వచ్చాడు. ఉమ తన చేత్తో రాసిన నాలుగు పేజీలు ముందుకు జరిపింది. గోవిందు గురించి మూడున్నర పేజీలు: పేలుడు పదార్థం ల్యాబు రిపోర్టు రావాలి, ఫోన్ల వివరాలు రావాలి, పంపినవాళ్లు దొరకాలి, అందుకని గడువు కావాలి. ఈదమ్మ గురించి నాలుగే వాక్యాలు. తొంభై రోజుల్లో ఆమె మీద కొత్తగా తేలింది ఏమీ లేదు. పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలం సాక్ష్యం కాదు. ఆమెకు ఫోనే లేదు. ఆమెను ఇంకా ఉంచడానికి నాకు కారణం కనిపించలేదు.

"మేడమ్, మా పిలగాని కాలు పోయింది. మీరు ఎవరి దిక్కున్నరు?"

"ఇస్రాయేలు దిక్కే ఉన్న సార్. రేపు ఈ కేసు పైకోర్టుకు పోయినా నిలవాలె. అబద్ధం ఒక్కటి కలిస్తే ఉన్న నిజం గూడ పోతది." ఉమ ఆ పేజీల కింద సంతకం పెట్టింది. "ఇంకోటి. నా కేసు సంగతి నాతోనే మాట్లాడుండ్రి. మా ఇంటాయనకు ఫోన్ చెయ్యకుండ్రి."

ఆ సాయంత్రం ఇంట్లో కూడా అదే చెప్పింది. శేఖర్ మొహం మాడ్చుకున్నాడు. "నీకు మంచి చెప్పబోతే గిట్ల మాట్లాడ్తవా?" అన్నాడు. అత్తమ్మ రెండు రోజులు పలకలేదు. ఉమ మాత్రం పడుకునే ముందు రేపటి రొట్టెలు ఎవరు కొట్టాలో కూడా మాట్లాడింది. మొదటి వారం శేఖర్ కొట్టిన రొట్టెలు అంచులు చీలి నవ్వు తెప్పించాయి. అత్తమ్మే లేచొచ్చి నీళ్లు ఎన్ని పోయాలో కొడుక్కు చూపించింది.

కోర్టు గోవిందుకు గడువు పొడిగించింది, ఈదమ్మకు బెయిలు ఇచ్చింది. ఫోన్ల వివరాలొచ్చాక గోవిందును పంపిన ఇద్దరు కూడా దొరికారు. చార్జిషీటులో ఈదమ్మ పేరు ముద్దాయిల్లో లేదు. సాక్షుల్లో ఉంది.

విచారణ రోజున ఈదమ్మ పెంటనుంచి నడిచి, ఆటో పట్టుకుని కోర్టుకొచ్చింది. వరండాలో ఉమ ఆమె పక్కనే బెంచీ మీద కూర్చుంది. "ఈదమ్మా, సమన్లు వచ్చినయ్ కాబట్టి రావాల్సొచ్చింది. కానీ నువ్వు గిట్లనే చెప్పాలని ఎవరన్న అన్నరా?"

"లేదమ్మా. ఏం జూసినవని నువ్వే అడుగుతున్నవు. గప్పుడు ఎవ్వరడగలే."

బోనులో నిలబడి ఈదమ్మ తాను చూసిందంతా తన మాటల్లోనే చెప్పింది. సంచి ఎప్పుడు పెట్టాడో, పేలుడుకు ముందురోజు పొద్దుగూకే ముందు ఆ మలుపు దగ్గర తవ్వుతున్నది ఎవరో చెప్పి, గోవిందును చూపించింది. అతని వకీలు లేచాడు. ముందు ఇచ్చిన వాంగ్మూలం చదివి వినిపించాడు. దీనికీ, ఇప్పుడు చెప్పేదానికీ పొంతన లేదన్నాడు. చివరికి గొంతు పెంచాడు.

"ఇదంతా నీతోని ఎవరు చెప్పించిండ్రు?"

ఈదమ్మ అతని చేతిలో కాగితం దిక్కు చూసింది. "గది చెప్పించిన్రు సారు. గిది నేను చెప్తున్న."

వెనక వరసలో చేతికర్ర మీద ఆనుకుని ఇస్రాయేలు, పక్కన అనిత. జడ్జిగారు రాసుకోవడం పూర్తిచేసి తల ఎత్తారు. "ప్రాసిక్యూషన్ తరఫున మళ్లీ ఏమైనా అడిగేదుందా?"

ఉమ లేచి నిలబడింది.

"లేదండి. ఆమె మాటకు నేను కలపాల్సింది ఏమీ లేదు."