గండన్న దోసిలి

బొమ్మ మెడ దగ్గర అతుకు కనబడకుండా పోయేదాకా బిక్షపతి ఎమ్రీ కాగితంతో రుద్దుతూనే ఉన్నాడు. ముక్కుకు తడి తువ్వాల చుట్టుకున్నాడు. అది ఉన్నా లేకున్నా ఒకటే. ఫైబర్ దుమ్ము ఎప్పుడో లోపలికి పోయి కాపురం పెట్టింది. కాసేపు రుద్దడం, గోడకు ఆనుకుని ఊపిరి తిరిగి వచ్చేదాకా ఆగడం, మళ్ళీ రుద్దడం. పొద్దున పీర్జాదిగూడలో ఆటో ఎక్కేటప్పుడు భార్య శారదమ్మ, "ఇయ్యాళన్న దవాఖానకు పోదాం" అంది.

"ఈ బొమ్మ పోనీ" అన్నాడు. ప్రతి బొమ్మకూ అదే మాట.

నాచారంలో మూతబడ్డ ఫ్యాక్టరీ వెనక ఉంది ఆ రేకుల షెడ్డు. దేశాలకు స్వాతంత్ర్యం తెచ్చినవాళ్ళంతా అందులో వరసగా నిలబడి ఉంటారు. కోటు వేసుకున్నాయన, కొల్లాయి కట్టుకున్నాయన, ఏదో పెద్ద బడివాళ్ళు చెప్పి చేయించి తీసుకుపోవడం మరిచిన ఆఫ్రికా జైలు నాయకుడు. తలలు వేరు. ఎత్తిన కుడిచెయ్యి మాత్రం అందరికీ ఒకటే, బిక్షపతిది. వయసులో ఉన్నప్పుడు పాత సేటు అతని చేతికి నూనె పూసి అచ్చు తీశాడు. చిన్నప్పుడు మోట తాడులో పడి వంకరపోయిన చిటికెన వేలు కూడా అచ్చులోకి వచ్చేసింది. "ఎవడు జూస్తడు తియ్" అన్నాడు సేటు. నిజమే, ఎవడూ చూడలేదు. ఉప్పల్ దాటి వరంగల్ దాకా ఎందరు నాయకులు ఆ వంకర వేలితో జనాన్ని ముందుకు పిలుస్తున్నారో లెక్కలేదు. బస్సులో పోతూ ఏ చౌరస్తాలోనైనా కనబడితే శారదమ్మను మోచేత్తో పొడిచేవాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

అచ్చు ఇచ్చిన ఆ చెయ్యి ఇప్పుడు భుజం దాటి లేవడం లేదు.

ముందున్న బొమ్మకు ఇంకా చేతుల్లేవు. ఆలేరు అవతలి ఊరి గండయ్య అది. నిజాం మీదా దొరల మీదా దళం నడిపి, చివరికి తుపాకీ గుండుకు పోయిన మనిషి. ఫొటో లేదు. ఆయన్ని కళ్ళారా చూసి ఇంకా బతికున్నది ఊళ్ళో ముత్తమ్మ ఒక్కతే. ఆమె చేత ఒక మాట అనిపించి, మర్నాడు బొమ్మను ఎక్కించుకుపోదామని విగ్రహ కమిటీ తరఫున దుర్గేశ్ కారులో తీసుకొచ్చాడు. గండయ్య తమ్ముడి మనవడతను. దమ్మాయిగూడలో ప్లాట్లు అమ్ముతాడు.

ముత్తమ్మ కర్ర ఊతంగా నిలబడి బొమ్మను కింది నుంచి పైదాకా చూసింది.

"గిన్ని బుగ్గలు యాడియి? తిండి ఉంటె గద."

"ముఖం పని అయిపోయిందవ్వా. జర సర్దుకో" అన్నాడు దుర్గేశ్.

"నేను సర్దుకుంట తియ్. చేతులేవి?"

"అదే పంచాయితీ అవ్వా" అన్నాడు జగన్, ఇప్పటి సేటు. "పంజా తెరిస్తె ఒక పార్టీ గుర్తు. పిడికిలి బిగిస్తె ఎర్రజెండోళ్లది. వేలు చూపిస్తె కోటు సారు లెక్క అయితడు."

"మా కమిటీల అన్ని పార్టీలోళ్లున్నరు. ఎవడూ అలగొద్దు" అన్నాడు దుర్గేశ్. "రెండు చేతులు ఎనకకు పెట్టేయిండ్రి. లొల్లే ఉండది."

"గట్లనే కట్టి తోల్కపోయిన్రు" అంది ముత్తమ్మ.

 దుర్గేశ్ ఫోను తీసి చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"అయితె నమస్తే పెట్టియ్యిండ్రి. అందరికీ మంచిగుంటది" అన్నాడు. గద్దె మీద వేసే నల్లరాయి చూసి రావాలని జగన్‌ను వెంటబెట్టుకుని ఉప్పల్ వైపు వెళ్ళాడు. ముత్తమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి పోయాడు.

బిక్షపతి అటక మీంచి నమస్కారం చేతుల్ని దింపాడు. ఆ కొంచెం బరువుకే దగ్గు తెర అందుకుంది. ముత్తమ్మ తన నీళ్ళ సీసా అందించబోయింది. చేతుల నిండా దుమ్ము. సీసా ముట్టుకోలేక అతను వంగి దోసిలి పట్టాడు. ఆమె పోసింది. వంకర వేలి సందులోంచి నీళ్ళు మోచేతికి కారాయి. పోయడం ఆపి ఆమె ఆ చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది.

"గండన్న గూడ గిట్లనే పట్టిండు."

"నీ ముందటనా అవ్వా?"

"నేనే పోసిన. మా కుండ నీళ్లు ఊళ్లె ఎవ్వలు ముట్టని కాలం. పొద్దుగూకంగ వచ్చి, మీ అమ్మ లేదా బిడ్డా, నువ్వే పొయ్ అన్నడు. నేను ఇంతంత పోరిని. చెంబు బరువు. సగం పోసిన్నో లేదో, కుక్కలు మొరిగినయ్. సగం తాగే లేచిండు. తెల్లారి దొరకబట్టిన్రు." ఆమె సీసా మూత బిగించింది. "మిగిలిన నీళ్లు నా చేతులనే ఉండె."

బిక్షపతి నమస్కారం చేతుల్ని పక్కన పెట్టాడు. మణికట్ల దాకా నూనె పూసుకున్నాడు. అచ్చులు తీసే తెల్లపొడి పీఓపీని నీళ్ళలో మజ్జిగలా కలిపి, చెంబులో పోసి ఆమె ముందుంచి దోసిలి పట్టాడు.

"నువ్వే పొయ్యాలె అవ్వా. నిమ్మలంగ. ముందుగాల దోసిట్ల, అటెన్క చుట్టూత."

ముత్తమ్మ రెండు చేతులతో చెంబు పట్టుకుంది. పోత ఎక్కడా తెగలేదు. తెల్లటి పాకం అతని దోసిట్లో నిండి, వేళ్ళ మీదుగా కిందికి జారింది.

"కాలుతుందా బిడ్డా?"

"గట్టివడేటప్పుడు జర కాలుతది. నేను కదలొద్దు, గంతే."

దగ్గు అప్పుడే మొదలైంది. ఎక్కడో పక్కటెముకల కింద లేచి, గొంతు దాకా వచ్చి నిలబడింది. దగ్గితే అచ్చు పగులుతుంది. బిక్షపతి పళ్ళు బిగించాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మెడ నరాలు తాళ్ళలా తేలాయి. ముత్తమ్మ లేచి కొంగుతో అతని కళ్ళు తుడిచింది. అచ్చు గట్టిపడి, రెండు చెక్కలుగా విడదీశాకే దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

దుర్గేశ్ తిరిగి వచ్చేసరికి ఆ అచ్చులో పీఓపీ పోసి తీసిన దోసిలి తయారై బల్ల మీద ఉంది. వంకర వేలితో సహా.

"ఏందిది? నాయకుడు అడుక్కుంటున్నట్టుంది."

"అడిగిండు మరి" అంది ముత్తమ్మ. "నన్నే అడిగిండు."

దుర్గేశ్ వేలితో దోసిలి అంచు తడిమాడు.  "ఊళ్లె నవ్వుతరవ్వా" అన్నాడు చివరికి, ఆమె ముఖం చూడకుండా. తర్వాత బిక్షపతి వైపు తిరిగాడు. "మామా, నమస్తేనే పెట్టుర్రి. పొద్దుగాల బండి వస్తది."

ముత్తమ్మ వాదించలేదు. కారు దాకా పోయి వెనక్కి తిరిగింది.

"గా దోసిలి ఏంజేస్తవ్ బిడ్డా?"

"ఎండవెడ్త. పీఓపీ మంచిగ ఎండితె ఎన్ని నీళ్లన్న తాగుతదవ్వా."

ఆమె ఆ మాట విని కారెక్కింది.

ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టే చేశాడు బిక్షపతి. నమస్కారం చేతులు బిగించాడు, మణికట్ల దగ్గర అతుకులు రుద్ది రంగు వేశాడు. పొద్దు వాలుతుండగా, ఊపిరి తిరిగి వచ్చేదాకా ఆగుదామని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఈసారి అది తిరిగి రాలేదు. షెడ్డు మూయడానికి వచ్చిన జగన్ "బిక్షన్నా" అని పిలిచి, నిద్రపోయాడనుకుని ఫ్యాను ఇంకొంచెం పెంచాడు.

మర్నాడు గండయ్య నమస్కారం పెడుతూ బండి మీద పోయాడు. కర్మలన్నీ అయ్యాక శారదమ్మ టిఫిన్ డబ్బా, తువ్వాల కోసం వచ్చింది. బల్ల మీద దోసిలిని చూసింది. చిటికెన వేలు దగ్గర ఆమె చూపు ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తీస్కపోతవా వదినా?" అన్నాడు జగన్.

"ఒక్క అర్ర ఇల్లు. ఏడ వెట్టుకోవాలె" అంది. పోతూ పోతూ దోసిట్లోని దుమ్ము కొంగుతో తుడిచింది.

ఆ వారం వాన పట్టింది. షెడ్డు పైరేకు ఒకచోట చిల్లిపడి సరిగ్గా బల్ల మీద చుక్క చుక్కగా కారుతోంది. బాగా ఎండిన దోసిలి, పడ్డ చుక్కను పడ్డట్టే తాగేస్తోంది.