తొంభై ఆరు శాతం

ఉద్యోగాల సైటులో వెతికే గడిలో 'ఆర్' అని ఒక్క ఇంగ్లీషు అక్షరం కొట్టి, లెక్కలాయన కుర్చీలో ముందుకు జరిగాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద పాత పైజమా. ఎవరైనా తెర మీదికి పిలిచి మాట్లాడతారేమోనని పద్నాలుగు నెలలుగా ఇదే వేషం. ఒక్కరూ పిలవలేదు. ఎప్పటిలాగే ఆ అక్షరం తగిలిన ప్రతి కొలువూ వచ్చిపడింది: డ్రైవర్లు, టైలర్లు, ప్లంబర్లు. వాటిలోంచి నిజంగా ఆర్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాయమనేవి ఏరాడు. నాలుగు. మూడింటికి ముప్పై అయిదేళ్లు దాటకూడదు. ఆయనకు యాభై మూడు.

మందులు పరీక్షించే కంపెనీలో పంతొమ్మిదేళ్లు ఆయన ఆ భాషే రాశాడు. ఏ మందు ఎందరికి పనిచేసిందో, ఎందరికి వికటించిందో తేల్చేవాడు. తేదీ తప్పుపడితే పోయిన మనిషి మర్నాడు మాత్ర మింగినట్టు తేలుతుందని కొత్తవాళ్లకు చెప్పేవాడు. వాళ్లు నవ్వేవారు. చివరికి వాళ్లే ఉన్నారు, ఆయన్ను పంపేశారు.

"ఒక్క అక్షరం నేర్చుకుని పంతొమ్మిదేళ్లు నెట్టుకొచ్చావు బావా, అదీ ఘనతే" అన్నాడు నిన్న బావమరిది. అతనికి సిమెంటు గోడౌను ఉంది. గేటు దగ్గర కూర్చుని లారీ నంబర్లు రాసుకునే మనిషి కావాలి. ఇవాళ నాలుగింటికి వచ్చి తీసుకుపోతానన్నాడు. ఈలోగా ఉద్యోగం దొరికితే సరి, లేకపోతే గేటే గతి.

"ఇంట్లో ఇలా కూచుంటే మీకే మంచిది కాదండీ" అంది భార్య, ఆయన మొహం చూడకుండా.

నాలుగో ఉద్యోగానికి పరీక్ష పెట్టారు. ఆసుపత్రి రోగుల పట్టిక ఒకటి ఇచ్చి, అందులో తప్పులు సరిచేసే ప్రోగ్రాము మూడింటిలోగా రాసి పంపమన్నారు. ఆరు నెలల కిందట వేరే కంపెనీ కూడా అచ్చం ఇలాంటిదే ఇచ్చింది. రెండు రోజులు కష్టపడి పంపితే జవాబే లేదు. ఇప్పటికి ఇలాంటి పరీక్షలు తొమ్మిది రాశాడు. పనిలో పెట్టుకునేవాళ్లు లేరుగాని, పని చేయించుకునేవాళ్లకు కొదవ లేదు. ఆయనకు మాత్రం ఆ అనుమానం రాలేదు. ఆ తెలివే ఉంటే ఇంత దూరం ఎందుకు వస్తుంది?

కూర్చుని రాశాడు. తన పద్ధతి తనది. చిత్తు పట్టికకు ఎప్పటిలాగే కూతురి ముద్దుపేరు పెట్టాడు, బుజ్జి అని. మెలిక ఉన్నచోట, తర్వాత చదివేవాళ్ల కోసం 'ఇక్కడ తేదీలు రెండు రకాలు, కంగారుపడకండి' అని రాశాడు. రెండున్నరకు పంపించాడు. బాగా వచ్చిందని ఆయనకు తెలుసు. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

అన్నం తిని వచ్చేసరికి జవాబు ఉంది. మీరు పంపినది మా అనుబంధ సంస్థ ఇప్పటికే వాడుతున్న ప్రోగ్రాముతో తొంభై ఆరు శాతం సరిపోయింది. కాపీ కొట్టినందుకు మిమ్మల్ని తిరస్కరిస్తున్నాం. రెండేళ్లపాటు మా సంస్థల్లో దేనికీ దరఖాస్తు చేయరాదు. రుజువుగా ఆ ప్రోగ్రాములోంచి కొన్ని పంక్తులు అడుగున ఇచ్చారు. వాటిలో బుజ్జి ఉంది. కంగారుపడకండి అని కూడా ఉంది.

ఆయన వేలితో ఆయన కన్నే పొడిచారు. 'అదీ నేను రాసిందేనండి, ఆరు నెలల కిందట మీ అనుబంధ సంస్థ పెట్టిన పరీక్షకే' అని రాసి పంపాడు. ఈ చిరునామాకు వచ్చే ఉత్తరాలు ఎవరూ చదవరని మరుక్షణం తిరుగుటపా వచ్చింది.

నాలుగింటికి బావమరిది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం బావా, దొరికిందా?"

"లేదు."

"పద మరి. కళ్లజోడు దేనికి? లారీ నంబర్లు మూరెడేసి ఉంటాయి."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ప్యాంటు తొడుక్కుని వెంట వెళ్లాడు.

ఆరింటికి కూతురు కాలేజీ నుంచి వచ్చి, తెర మీద తెరిచి ఉన్న ఉత్తరం సగం దాకా చదివింది. అడుగున ఉన్న పంక్తుల దాకా పోలేదు.

"అమ్మా, నాన్న కాపీ కొట్టి దొరికిపోయాడట."

వంటింట్లో తల్లి కొళాయి కట్టేసింది.

"అడక్కు ఆయన్ని" అంది. "ఈ వయసులో ఏం చేస్తాడు, పాపం."

కూతురు ఉత్తరం మూసేసి, తన పుస్తకాలకు చోటు చేసుకుంది. కళ్లజోడు కిటికీ గట్టు మీదికి చేరింది, కాడలు మడవకుండా, గోడవైపు తిరిగి.